బర్మింగ్‌హామ్‌లో కాలవ గట్టు మీద

ఈ పేజీలో రాసి రెండు నెలలైంది. 'అన్నా, ఏమైపోయావు, ధాన్యం రేటు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదే' అని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. ఊళ్లో లేను. రబీ కోత అయిపోయి, ధాన్యం తోలేసి, మే నెల మొదట్లో నేనూ మా ఇంటావిడా మావాడి దగ్గరికి ఇంగ్లండు పోయాం. నెల రోజులుండి వచ్చాం.

లండన్ ఫోటోలు పెట్టమని అడిగిన తమ్ముళ్లకి ముందే చెప్తున్నా, నా దగ్గర లండన్ ఫోటోలు నాలుగే ఉన్నాయి. మావాడుండేది బర్మింగ్‌హామ్‌లో. లండన్ తర్వాత ఆ దేశంలో పెద్ద ఊరు అదే, పదకొండు లక్షల పైచిలుకు జనం. మన కావలి, నెల్లూరు, ఒంగోలు పిల్లలు మాస్టర్స్ చదువుకని అక్కడికి బాగానే పోతా ఉండారు. వాళ్ల అమ్మానాన్నలు పోతే ఏం చూడాలి, ఏం చేయాలి అని ఎవరూ రాసినట్టు లేదు. పిల్లలేమో షాపింగ్ మాల్స్ చూపిస్తారు. రైతు కళ్లతో చూస్తే ఆ ఊళ్లో వేరేవి కనపడతాయి. అవే రాస్తా.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మేం పోయింది ఊరు చూడ్డానికే కాదు. తుమ్మలపెంట పక్క బకింగ్‌హాం కాలవ దగ్గర మాకు రెండెకరాల ఇసక నేల ఉండాది. సరుగుడు తోట. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి కొడతాం, అంతే. ఇన్నాళ్లూ దాన్ని అడిగినవాడు లేడు. 2022లో రామాయపట్నం పోర్టు పని మొదలైన కాడ్నించి బ్రోకర్లు ఇంటికే వస్తా ఉండారు. మావాడు ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: 'నాయనా, ఆ ఇసక దిబ్బతో మనకేం పని? అమ్మేసి డబ్బులు పంపితే ఇక్కడ ఇంటికి అడ్వాన్సు కడతా. అద్దెకి పోసేది లోనుకి పోస్తా.' వాడి లెక్క తప్పని నేననను. వాడి చదువుకే ఒక ఎకరం వరి పొలం పోయింది. మిగిలింది కూడా అడుగుతున్నాడే అని మనసులో ముల్లు. 'ఒకసారి వచ్చి చూసిపో నాయనా, చూశాక నువ్వే చెప్పు' అన్నాడు. అందుకని పోయాం.

చెన్నై నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి నేరుగా బర్మింగ్‌హామ్. లండన్‌లో దిగాల్సిన పనే లేదు. మొదటి రోజు నిద్ర పట్టలేదు. అయిదింటికే తెల్లగా తెల్లారింది. చెప్పులేసుకుని ఇంటి వెనక్కి పోయి చూద్దును గదా, కాలవ! నిండుగా నీళ్లు, పక్కన గట్టు, గట్టు మీద బాతులు. ఒక పొడుగాటి పడవ కట్టేసి ఉంది. దాని కప్పు మీద పూలకుండీలు, కట్టెల మోపు, సైకిలు. పడవలోనే కాపురం ఉంటారంట కొందరు.

"ఇదేందిరా, మీ ఇంటి వెనకాలే కాలవ!" అన్నా మావాడు లేచాక.

"ఊరంతా ఇవే నాయనా. వెనిస్ కంటే మావే ఎక్కువ మైళ్లు అని వీళ్లు గొప్పలు చెప్పుకుంటారు" అన్నాడు.

ఊరి హద్దుల్లోనే 35 మైళ్ల కాలవలున్నాయి. చుట్టుపక్కల ఊళ్లవి కలిపితే వంద మైళ్లు. ఇవి పొలానికి నీళ్లు పారించే కాలవలు కావు, సరుకు మోసిన కాలవలు. బర్మింగ్‌హామ్‌కి సముద్రమూ లేదు, పడవలు పోయేటంత పెద్ద నదీ లేదు. ఇనప పని, తుపాకులు, బొత్తాలు, పెన్ను పాళీలు, ఇట్టాంటివి చేసే ఊరు. బొగ్గు కావాలి. బురద దారుల్లో గుర్రాల మీద తెచ్చేవాళ్లు. 1769లో మొదటి కాలవ తెరిచి, పక్కనున్న గనుల నుంచి పడవల్లో బొగ్గు తెచ్చారు. బొగ్గు ధర బాగా పడిపోయింది. ఊరు పెరిగింది.

ఆ కాలవ గీసినాయన జేమ్స్ బ్రిండ్లీ. మర యంత్రాలు చేసే పనివాడు. ఆయన పేరు మీద ఇప్పుడు బ్రిండ్లీప్లేస్ అని ఒక పేటే ఉంది, హోటళ్లూ ఆఫీసులూ కాలవ గట్టునే. ఆయన పద్ధతి మనకి బాగా తెలిసిందే. మిట్ట వస్తే తవ్వడు, చుట్టుకుని పోతాడు. మన మేజరు కాలవలు వాలు చూసుకుని వంకర్లు తిరిగినట్టే. యాభై ఏళ్ల తర్వాత థామస్ టెల్ఫోర్డ్ అనే ఇంజనీరు వచ్చి ఆ వంకర్లన్నీ కోసి, మిట్టలు తవ్వి, తిన్నగా తోడాడు. 22 మైళ్ల దారి 15 మైళ్లయింది. పాత వంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. కొత్త కాలవ గట్టున నడుస్తుంటే పక్కకి పాయలాగా చీలిపోయి మళ్లీ వచ్చి కలుస్తాయి.

మావాడి ఇంటికి పది నిమిషాల నడకలో ఒక చెరువుంది. ఎడ్జ్‌బాస్టన్ రిజర్వాయర్ అంటారు. కాలవకి నీళ్లు తక్కువ పడకుండా 1820ల్లో ఆ టెల్ఫోర్డే పాత కుంటకి కట్ట పోసి పెంచాడు. నేను దాన్ని చెరువనే అంటా, ఎందుకంటే అది చెరువే. కట్ట, తూము, అలుగు, అన్నీ ఉన్నాయి. చుట్టూ నడవచ్చు, టికెట్టు లేదు. రెండో రోజు నుంచి పొద్దున నా నడక ఆ కట్ట మీదే. మా ఇంటావిడ మూడో రోజుకే ఒక గుజరాతీ పెద్దమ్మని పరిచయం చేసుకుంది. ఇద్దరికీ వచ్చిన భాష ఒకటి లేదు. అయినా బెంచీ మీద కూర్చుని అరగంట మాట్లాడుకునేవాళ్లు.

ఇప్పుడు అసలు చూడాల్సిన చోటు చెప్తా. గ్యాస్ స్ట్రీట్ బేసిన్. ఊరి నడిబొడ్డున పడవలు ఆగే రేవు. ఫోటోలకి బాగుంటుందని అందరూ పోతారు. నేను చూసింది ఇంకొకటి. ఆడ నీళ్ల మధ్యలో ఏడడుగుల మందాన ఒక గట్టుంటుంది. వూస్టర్ బార్ అంటారు. దాని కథ వింటే మన పక్క రైతులు నవ్వకుండా ఉండలేరు.

బర్మింగ్‌హామ్ కాలవ ఒక కంపెనీది. తర్వాత వూస్టర్ పక్క నుంచి ఇంకో కంపెనీ కాలవ తవ్వుకుంటూ వచ్చింది. రెండూ కలిస్తే పడవలు అటూ ఇటూ నేరుగా పోవచ్చు. పాత కంపెనీ ఒప్పుకోలేదు. 'కలిపితే మా నీళ్లు మీ కాలవలోకి జారిపోతాయి' అంది. మధ్యలో ఏడడుగుల గట్టు ఉంచాల్సిందే అని పట్టుబట్టి చట్టంలో రాయించుకుంది. దాంతో ఏమైంది? ఈ పక్క పడవలో సరుకు కూలీలు దింపాలి, గట్టు దాటించాలి, ఆ పక్క పడవలోకి ఎక్కించాలి. బస్తా బస్తా మోయాలి. ఇట్టా ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 1815లో గట్టు కోసి లాకు పెట్టారు.

నేను ఆ గట్టు మీద నిలబడి చాలాసేపు చూశా. "ఏంది నాయనా, అట్టా చూస్తా ఉండావు, అది ఉత్త గోడ" అన్నాడు మావాడు. ఉత్త గోడ ఎట్టా అవుతుందిరా? పై ఆయకట్టోడు తూముకి అడ్డం పడుకోడం, చివరి ఆయకట్టోడు రాత్రిపూట పార తీసుకుని పోవడం మనం చూడలేదా? నీళ్ల కోసం కొట్టుకోని దేశం లేదని ఆ రోజు తెలిసింది. మన కోపాలు పార దెబ్బలతో తేలతాయి, వాళ్లవి చట్టంతో తేలాయి. అంతే తేడా.

అక్కడి నుంచి అయిదు నిమిషాలు నడిస్తే ఫార్మర్స్ బ్రిడ్జ్ లాకులు. పేరు చూసి రైతుల వంతెన అనుకుని ఫోటో దిగా. తీరా అది రైతుల మీద పెట్టిన పేరు కాదంట, ఫార్మర్ అనే ఇంటిపేరున్న తుపాకుల వ్యాపారి మీద పెట్టారంట. మావాడు పడీ పడీ నవ్వాడు. ఆ ఫోటోనే పైన పెట్టింది. వరసగా పదమూడు లాకులు, మొత్తం ఎనభై అడుగుల దిగుడు, మెట్లు దిగినట్టు. ఆఫీసు బిల్డింగుల కాళ్ల సందుల్లోంచి కాలవ దిగుతూ పోతుంది. ఒక పడవ దిగుతుంటే చూశాం. భార్యాభర్తలిద్దరూ అరవై దాటినవాళ్లు. ఆయన పడవ నడుపుతున్నాడు, ఆమె ఇనప కడ్డీతో తూము తలుపు తిప్పుతోంది. లాకు తలుపు మాను దూలానికి నడుం ఆనించి వెనక్కి తోయాలి. మావాడు పోయి సాయం చేస్తానన్నాడు, ఆమె సరేనంది. నాకు చూపించి తొయ్యమన్నాడు. తోశా. రెండు వందల ఏళ్ల కిందటి ఏర్పాటు, ఒక మనిషి నడుం బలంతో అంత బరువు తలుపూ కదిలింది.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. మా తాత బకింగ్‌హాం కాలవ మీద పడవ లాగినవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తాడు. భుజానికి తాడేసుకుని గట్టెమ్మటి నడవడం. ఇక్కడ ఉప్పు, సరుగుడు కట్టెలు ఎక్కించి మద్రాసు దాకా. ఆయన భుజం మీద తాడు మచ్చ నేను చిన్నప్పుడు చూశా. బర్మింగ్‌హామ్‌లో పాత ఇటుక వంతెనల కింద మూలకి ఇనప రేకులు బిగించి ఉంటాయి. వాటి మీద లోతుగా గాళ్లు. గుర్రాలు లాగిన తాళ్లు ఒరుసుకుని ఇనుము అట్టా అరిగిపోయింది. వేళ్లు పెట్టి చూశా. అక్కడ గుర్రం లాగింది, ఇక్కడ మా తాత లాగాడు.

కుర్రాళ్లకి మన కాలవ కథ తెలియదు, అందుకని రెండు ముక్కలు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వడంతో మొదలైంది. కాక్రేన్ అనే దొర పేరుతో పిలిచేవాళ్లు. తర్వాత కొంచెం కొంచెం పొడిగిస్తూ వచ్చారు. 1876-78 ధాత కరువులో తిండి లేక వచ్చిన జనం చేత మధ్య ముక్కలు తవ్వించి కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా 420 కిలోమీటర్లకి పైనే. ఆ కరువు పనుల్లో ఒక దశలో మనిషికి రోజు కూలి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా లేదు. ఆ కూలికి మట్టి మోశారు మనవాళ్లు. అందుకని 'దొరలు కాలవ తవ్వించి పెట్టారు' అని ఎవరన్నా అంటే నాకు చిరాకు. తవ్వింది ఆకలి.

ఆ కాలవ ఇప్పుడెట్టా ఉందో మీకు తెలుసు. రైలు వచ్చింది, లారీ వచ్చింది, 1965, 66 తుఫాన్లు గట్లు తెంచాయి, తర్వాతవి మిగిలింది చూసుకున్నాయి. పూడిక, తుమ్మ కంప, చెరువుల మురుగు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మాత్రం సముద్రపు నీళ్లు చాలా చోట్ల ఈ కాలవలో పడి నెమ్మదించాయని తర్వాత చదివిన వాళ్లు రాశారు. పనికిరాదనుకున్న కాలవ ఆ ఒక్క రోజు పనికొచ్చింది. 2008లో జాతీయ జలమార్గం నాలుగు అని ప్రకటించారు. మా పక్క పడవ మాత్రం ఇంకా రాలేదు.

బర్మింగ్‌హామ్ కాలవలకీ ఇదే గతి పట్టింది, అది మర్చిపోకూడదు. రైలు దెబ్బ, లారీ దెబ్బ, చివరికి 1962-63 చలికాలం నెలల తరబడి నీళ్లు గడ్డకట్టి సరుకు పడవల పని ముగిసిపోయింది. చెత్త పోసే గుంటలుగా మారాయంట. కొన్ని పూడ్చేశారు. మిగతావి ఉంచారు. 1990ల్లో గట్టెమ్మటి పెద్ద సమావేశాల హాలు, హోటళ్లు, నడిచే బాట వచ్చాయి. ఇప్పుడు కాలవల్ని చూసేది ఒక ధర్మసంస్థ, ఆదివారాలు మామూలు జనం వచ్చి గడ్డి కోస్తారు, రంగులేస్తారు. బొగ్గు మోసే పని పోయింది. నడవడం, చేపలకి గేలం వేయడం, పడవ కాపురం, ఇవి కొత్త పనులు. రెండో పని దొరికేదాకా కాలవని ఉంచారు. నేను ఆ ఊళ్లో నేర్చుకున్నది ఇదొక్కటే అనుకోండి.

రైతులు తప్పకుండా చూడాల్సింది ఇంకోటి, థింక్‌ట్యాంక్ అనే సైన్సు మ్యూజియం. టికెట్టు ఉంటుంది. పిల్లల ఆటలు చాలా ఉన్నాయి, వాటిని వదిలేసి స్మెథిక్ ఇంజను దగ్గరికి పోండి. 1779లో పెట్టిన ఆవిరి ఇంజను. ఇప్పటికీ నడిచే స్థితిలో ఉన్న వాటిలో ప్రపంచంలోనే పాతది. అది దేనికి పెట్టారో తెలుసా? నీళ్లు తోడ్డానికి! లాకుల్లో పడవ దిగినప్పుడల్లా పై నీళ్లు కిందికి పోతాయి గదా, ఆ నీళ్లని మళ్లీ పైకి కొట్టడానికి. మన మోటారు పని. 1891 దాకా, నూట పన్నెండేళ్లు, కొట్టింది. మా మోటారు ఏడాదికి రెండుసార్లు కాలిపోతుంది.

చేసింది బౌల్టన్, వాట్ కంపెనీ. ఆ వాట్ జేమ్స్ వాట్. మీ మోటారు మీద రేకు చూడండి, 5 హెచ్‌పీ, 3.7 కిలోవాట్ అని ఉంటుంది. హెచ్‌పీ అంటే గుర్రం బలం. మర తిప్పే గుర్రం ఎంత పని చేస్తుందో కొలిచి, 'మా ఇంజను ఇన్ని గుర్రాల పని చేస్తుంది' అని కొనేవాళ్లకి నచ్చజెప్పడానికి ఆ లెక్క కట్టింది వాట్. కిలోవాట్‌లో వాట్ అంటే ఆయన పేరే. ఆ రేకు మీద రెండు లెక్కలూ ఒక్కడివే. వాళ్ల వ్యాపారం కూడా మనకి అర్థమయ్యేదే: పాత ఇంజను కంటే మాది ఎంత బొగ్గు మిగిలిస్తే అందులో మూడో వంతు మాకివ్వండి అనేవాళ్లు. ఒకరకంగా కౌలు. బౌల్టన్, వాట్, వాళ్ల దగ్గర పనిచేసిన మర్డాక్, ముగ్గురి బంగారు రంగు విగ్రహం సెంటినరీ స్క్వేర్‌లో ఉంది. దణ్ణం పెట్టి వచ్చా, మోటారు కాలకుండా చూడమని.

అదే చౌకులో పెద్ద లైబ్రరీ, 2013లో తెరిచారు. మలాలా వచ్చి తెరిచిందంట. లోపలికి పోవడానికి డబ్బుల్లేవు. పైన తోట ఉంది, అక్కడి నుంచి ఊరంతా కనపడుతుంది. ఊళ్లోని పెద్ద మ్యూజియంలో సుల్తాన్‌గంజ్ బుద్ధుడుంటాడు. బీహారులో 1860ల మొదట్లో రైలు మార్గం పనిలో బయటపడిన ఏడడుగుల పైబడ్డ రాగి విగ్రహం, ఒక బర్మింగ్‌హామ్ ఇనప వ్యాపారి కొని పట్టుకొచ్చాడు. మరమ్మతుల వల్ల కొన్ని గదులు మూసి ఉంటాయి, పోయేముందు కనుక్కోండి.

బుల్‌రింగ్ అని పెద్ద అంగడి. దాని ముందు 2003లో పెట్టిన కంచు ఎద్దు. మా ఇంటావిడ చూసి "మూపురం ఏదీ?" అంది. మన ఒంగోలు గిత్త పక్కన అది తేలిపోద్ది. ఒకప్పుడు అక్కడ ఇనప రింగుకి ఎద్దుని కట్టి కుక్కల్ని ఉసిగొల్పే ఆట ఉండేదంట, అందుకే ఆ పేరు. న్యూ స్ట్రీట్ రైల్వే స్టేషన్లో ఇంకో ఎద్దు, 2022 కామన్వెల్త్ ఆటలకి చేసిన ఇనప ఎద్దు, తల తిప్పుతుంది. మాల్ మీరు చూసుకోండి, నేను మాత్రం దాని పక్కనున్న మార్కెట్‌కి పొమ్మంటా. 1166లో రాజు దగ్గర అనుమతి తెచ్చుకున్నప్పటి నుంచి ఆ చోటే సంత. చేపల వరసలో పోతే నెల్లూరోడికి ఇంటికొచ్చినట్టు ఉంటుంది. రొయ్యల దగ్గర ఆగి రేటు చూసి, రూపాయల్లోకి మార్చి, మన చెరువు గట్టు రేటు గుర్తు చేసుకుని, ఏమీ మాట్లాడకుండా ముందుకు నడిచా.

గుడి గురించి అడుగుతారు. టివిడేల్ అనే చోట 2006లో ప్రతిష్ఠ చేసిన వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఊరికి కొంచెం పక్కన. తిరుమల గుడి తీరులో కట్టారు. శనివారం పోతే మన మాటలు నాలుగు పక్కల నుంచీ వినపడతాయి. మా ఇంటావిడకి ఆ నెలలో బాగా నచ్చిన రోజు అదే. బోర్న్‌విల్‌లో క్యాడ్‌బరీ చాక్లెట్ చూపించే చోటుకి పిల్లలుంటేనే పోండి. కానీ ఆ పేట మాత్రం నడిచి చూడండి. 1879లో ఫ్యాక్టరీ అక్కడికి మార్చాక, ప్రతి ఇంటికీ పెరడూ పండ్ల చెట్లూ ఉండాలని పట్టుబట్టి కట్టించిన ఇళ్లు. మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసే కోకో చివరికి ఏమవుతుందో కూడా అక్కడ తెలుస్తుంది.

ఇక చివరిది, నా మనసులో నిలబడిపోయింది. అలాట్‌మెంట్లు అంటారు. ఇంటి దగ్గర నేల లేనివాళ్లకి కార్పొరేషన్ చిన్న చిన్న మళ్లు కౌలుకిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో వంద చోట్లకి పైనే ఉన్నాయి. మామూలుగా ఒక మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కన ఆరు సెంట్లు. హ్యాండ్స్‌వర్త్ పక్క పోయినప్పుడు కంచె బయట నిలబడి చూస్తుంటే లోపలున్న సర్దార్జీ పెద్దాయన రమ్మన్నాడు. ఎనభై దాటిన మనిషి. మెంతి, కొత్తిమీర, వెల్లుల్లి, ఒక పక్క చిక్కుడు పందిరి. మావాడు హిందీలో మాట్లాడుతూ నాకు చెప్పాడు. జలంధర్ పక్క ఊరంట. 1960ల్లో వచ్చి ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో చేశాడంట. ఊళ్లో పొలం అన్నదమ్ములతో కలిసి అమ్మేసి ఇక్కడ ఇల్లు కొన్నాడంట.

నేను అడగమన్నా: "అమ్మినందుకు బాధపడ్డాడా?"

పెద్దాయన వెంటనే బదులు చెప్పలేదు. మెంతి కట్ట ఒకటి కోసి మా ఇంటావిడ చేతిలో పెట్టాడు. తర్వాత అన్నాడు: 'ఇల్లు కొన్నందుకు బాధ లేదు. పిల్లలు అందులోనే పెరిగారు. కానీ ఈ ఆరు సెంట్లు దొరకడానికి చాలా ఏళ్లు వరసలో నిలబడ్డా. మొత్తం అమ్మకుండా ఉంటే ఊరికి పోయినప్పుడు నిలబడ్డానికి ఒక గట్టుండేది.' మావాడు తర్జుమా చేస్తూ చివరి మాట దగ్గర కొంచెం ఆగాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగుంది. నేనూ వాడూ కాలవ గట్టున కూర్చున్నాం. అమ్మే సంగతి వాడు ఎత్తలేదు, నేనే ఎత్తా. అంతకుముందు రోజు వాళ్లమ్మ నాకొక మాట చెప్పింది. ఇదే అద్దెకి ఆఫీసు దగ్గర ఇంకో ఇల్లు దొరికినా వీడు వద్దన్నాడంట. ఇంకో చోట యాభై పౌండ్లు తక్కువ కూడా వచ్చేదంట. ఎందుకురా అని అడిగితే, 'కాలవ ఉందిగదమ్మా' అన్నాడంట. నేను ఆ మాట వాడి దగ్గర ఎత్తలేదు. మగపిల్లల్ని అట్టా అడిగితే ఒప్పుకోరు.

"ఒక ఎకరం అమ్ముదాం. రోడ్డు పక్కది. రేటు దానికే. కాలవ పక్క ఎకరం ఉంచుదాం" అన్నా.

"దాంతో ఏం చేస్తావు నాయనా?"

"ఇప్పుడేం చేయను. సరుగుడే. నీకు అది ఎందుకన్నా పనికొస్తుందేమో, రానీ."

వాడు కాసేపు నీళ్ల వైపు చూశాడు. "అడ్వాన్సుకి కొంచెం తగ్గుద్ది, నేను చూసుకుంటాలే" అన్నాడు. అంతే మా పంచాయితీ. నెల రోజులు మోసుకుని తిరిగిన ముల్లు రెండు మాటల్లో పోయింది.

పోయేవాళ్లకి నాలుగు మాటలు. మే, జూన్ మంచివి, పొద్దు పొడుగు. అయినా జర్కిన్ ఉండాలి, వాన చెప్పి రాదు. బూట్లు మెత్తటివి తీసుకోండి, ఆ ఊరు నడిచే చూడాలి. కాలవ గట్టు సన్నం, వెనక సైకిలు గంట వినపడితే గోడ పక్కకి జరగండి, నీళ్ల పక్కకి కాదు. రాత్రిపూట ఒంటరిగా గట్టెమ్మటి పోవద్దు. చెరువు కట్ట, లాకులు, గ్యాస్ స్ట్రీట్, లైబ్రరీ, సంత, వీటికి పైసా ఖర్చు లేదు. మీ పిల్లలు పనికి పోయాక మీరిద్దరే చూడొచ్చు. వాళ్లకి సెలవున్న రోజు మాత్రం లాకుల దగ్గరికి తీసుకుపోండి. తలుపు మీరూ తోయండి, వాళ్లనీ తొయ్యమనండి.

వచ్చిన మర్నాడు పొద్దున్నే తుమ్మలపెంట దారిలో కాలవ వంతెన దగ్గర బండి ఆపా. కింద నల్లటి నీళ్లు, కంప, ఎవరో పారేసిన మేత సంచులు. గట్టు మీద మేకలు. పది నిమిషాలు నిలబడి తోటకి పోయా. కాలవ పక్క ఎకరానికి సర్వేయర్ని పిలిచి హద్దు రాళ్లు వేయించా. ఈ వారం పని అదే.

మీ ఇళ్లలో ఎవరన్నా ముసలాళ్లు బకింగ్‌హాం కాలవ మీద పడవ నడిపినవాళ్లు, లాగినవాళ్లు ఉంటే వాళ్ల నోటి మాటలు రాసి పెట్టండి, నాకూ పంపండి. మా తాతని అడగాల్సినప్పుడు నేను అడగలేదు.